ఇన్‌ఛార్జ్ ఎవరు?

పామర్‌స్టన్ నార్త్ నగరంలో యూనివర్సిటీ విద్యార్థులు శనివారాలు ఒక చర్చి హాల్లో ఉచితంగా భోజనం పెడతారు. మారిసెల్ అందరికంటే ముందే వస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి నర్సింగ్ చదువుతోంది. పొట్టి మనిషి. జుట్టు పెన్సిలుతో ముడేసి, ఎప్పుడూ తలుపు కనబడేలా నిలబడి వడ్డిస్తుంది. ఎవరైనా ఫోటో తీయబోతే గిన్నెలు కడిగే నెపంతో లోపలికి వెళ్లిపోతుంది. ముసలివాళ్లకు మాత్రం అన్నం మెత్తగా మెదిపి పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంటుంది.

ఆ శనివారం ఒక పోలీసు గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడ ఇన్‌ఛార్జ్ ఎవరు?" అని అడిగాడు. నిజానికి ఇన్‌ఛార్జ్ వరంగల్ అమ్మాయి కావ్యశ్రీ. ఆమె నోరు తెరిచేలోగా మారిసెల్ ఆమెను వెనక్కి నెట్టి, "నేనే" అంటూ గరిటెతోనే చెయ్యెత్తింది. వేడి సూప్ మోచేతి దాకా కారినా ఆమెకు తెలియలేదు. "మీ వ్యాన్ పక్కవాళ్ల గేటుకు అడ్డంగా ఉంది, కాస్త తీయండి" అని నవ్వి పోలీసు వెళ్లిపోయాడు. మారిసెల్ తలుపు దాకా వెళ్లి, అతను కనుమరుగయ్యేదాకా చూసింది.

"అయ్యో, చెయ్యంత కాలింది" అని తెలుగులోనే అనుకుంటూ కావ్యశ్రీ తడిగుడ్డ చుట్టింది. తర్వాత ఇంగ్లీషులో, "ఎందుకంత భయపడ్డావు?" అని అడిగింది.

"మా ఊళ్లోనూ కాలేజీ పిల్లలం వరదొచ్చినప్పుడు వండిపెట్టేవాళ్లం. యూనిఫాం వేసుకున్నవాళ్లు వచ్చి ఇదే మాట అడిగారు. మాతో వండే జోమార్ చెయ్యెత్తాడు. తీసుకుపోయారు. వాళ్లమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది."

"అంత తెలిసీ నువ్వెందుకు ఎత్తావు?"

"నీకు తెలీదు కదా. నవ్వుతూ ఎత్తేస్తావని భయమేసింది."