మూడో మెట్టు మీద కొలంబస్

దసరా వచ్చిందంటే అమెరికాలో, మోరిస్‌విల్‌లోని రాధారాణి ఇంట్లో అడుగు పెట్టే చోటుండదు. ఆఫీస్ కాల్ అవగానే జుట్టు ముడేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కొండపల్లి బొమ్మల్ని మెత్తటి బ్రష్‌తో దులుపుతూ ఒక్కోదాన్నీ పేరుపెట్టి పలకరిస్తుంది. బొమ్మల కొలువులో పై మెట్ల మీద దేవుళ్ళు, మూడోదాని మీద మహానుభావులు, కింద సంత బొమ్మలు. ఒకసారి నిలబెట్టిన బొమ్మని దశమి దాకా కదపకూడదని వాళ్ళమ్మ నేర్పిన పట్టింపు. ఈసారి అమెరికాని కనిపెట్టాడని పేరున్న కొలంబస్ బొమ్మ ఎవరో పాత సామాన్లమ్మే గరాజ్ సేల్‌లో దొరికితే, మురిసిపోతూ గాంధీగారి పక్కన పెట్టింది.

స్కూల్ నుంచి వచ్చిన కూతురు హంసిక బ్యాగ్ కూడా దించలేదు. "అమ్మా, బంగారం తేలేదని ఇతను తను దిగిన దీవుల్లోని మనుషుల చేతులు నరికించాడు. గాంధీ పక్కన పెట్టావా?"

రాధారాణి బొమ్మని ఎగాదిగా చూసింది. అమ్మవారి వైపు తిరిగి చెంపలేసుకుని, కొలంబస్‌ని తీసి అట్టడుగు మెట్టు చివర నిలబెట్టింది.

సాయంత్రం పేరంటానికి వచ్చిన పక్కింటి సుధ కొలంబస్‌ని చూసి, "ఈయనేంటండీ, ఇంత కింద ఉన్నాడు?" అంది.

ఆమె చేతిలో శనగలూ తాంబూలమూ పెడుతూ రాధారాణి నవ్వేసింది. "పిలవకుండా వచ్చి, ఇల్లు నాదే అన్నాడట సుధా! ఉండనిస్తాను గానీ, తాంబూలం మాత్రం ఇవ్వను."