గాడిదకు లేని సూది

దేశమంతటికీ కలిపి రాసిన పశువుల ఆరోగ్య విధానంలో, ఉచితంగా సూదులు వేయవలసిన జంతువుల జాబితాలో, గాడిద పేరు లేదు. ఆవు ఉంది, ఎనుము ఉంది, గొర్రె, మేక, పంది ఉన్నాయి. గాడిద లేదు.

మొన్న మంగళవారం ఆదోనిలో మా పేటకు సూదుల బండి వచ్చింది. అందులోనివాళ్లు పక్కింటి ఎనుముకు సూది పొడిచి, చెవికి పసుపుపచ్చ బిళ్ల బిగించి, పక్కనే కట్టేసి ఉన్న నా రెండు గాడిదలను గోడను చూసినట్లు చూసి వెళ్లిపోయారు. ఆ ఎనుము బిళ్ల పడిన చెవిని విదిలించుకుంటూ నా వైపు తిరిగితే, ఇంత వయసు వచ్చిన మనిషిని, దాన్ని చూసి కుళ్లుకున్నాను. చదివేది నా ఈడువాళ్లే కాబట్టి దాచుకోను. ఈ కుళ్లు నాకు చాలా పాతది. గొర్రెలున్న వాళ్లందరి మీదా ఉంది, వాళ్లలోనూ పెద్దకడుబూరులో ఉండే నా బావమరిది మీద మరీ ఉంది.

మన ఇళ్లన్నీ మట్టి మిద్దెలుగా ఉన్న కాలం మీకు గుర్తుండే ఉంటుంది. వానలకు ముందు మిద్దె మీద కొత్తగా చౌడు మట్టి పరచకపోతే ఇల్లంతా కురిసేది. ఆ చౌడును ఊరి బయటి బీళ్లలో తవ్వి, వీపుకు రెండు వైపులా వేలాడే గోనె కంట్లాల్లో నింపి, ఎద్దులబండి తిరగని కొండ కింది సందుల్లోకి మోసినవి మా గాడిదలే. మా నాయన ముందు నడిచేవాడు, నేను వెనుక నడిచేవాణ్ణి, ఎండాకాలమంతా మా కోసం జనం వాకిళ్లలో ఎదురుచూసేవారు. బడి నాకు దక్కలేదు. పత్తి మిల్లు దగ్గర గాడిదలను నిలిపినప్పుడల్లా బేళ్ల మీద నల్లరంగుతో వేసిన అక్షరాలను కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను, రాయడం ఆ తరువాత బొగ్గుముక్కతో మా గోడ మీదే వచ్చింది.

మా వాళ్లలో గాడిద పిల్లకు రెండో ఏడు రాగానే ముక్కుపుటాలు నిలువునా చీరే ఆచారం ఉండేది. బరువు మోసేటప్పుడు ఊపిరి బాగా ఆడుతుందని నమ్మకం. నాకు పెళ్లయిన ఏడు ఒక పిల్లకు నేనే మొదటిసారి కత్తి పట్టి చీరి, పసుపూ బూడిదా అద్దాను. పది రోజులు కాకముందే దాని నాలుగు కాళ్లూ కొయ్యల్లా బిగుసుకున్నాయి, దవడలు కరుచుకుపోయాయి, మా అమ్మ పోసిన గంజి మూతి పక్క నుంచి అలాగే కారిపోయింది. ధనుర్వాతం. తోపుడు బండి మీద ఎక్కించి పశువుల ఆసుపత్రికి తోసుకుపోతే, మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, సూదులు వేయించడానికి గొర్రెలను తోలుకొచ్చి చెట్టు నీడలో కూర్చుని ఉన్నాడు. కాంపౌండరు వాడి గొర్రెలకు వరసగా సూదులు వేస్తూనే నా వైపు తల ఎత్తాడు.

"గాడిదకు మందు రాదప్పా. పైనుంచే రాదు."

"ఒక్క సూదన్నా ఏయి సార్, పానం పోతాంది దానికి," అన్నాను.

"దానికి ఉన్ని కప్పుకోని తీస్కరా పో బావా, గొర్రెనుకోని ఏస్తాడు," అన్నాడు బావమరిది. అక్కడున్న గొర్రెలవాళ్లందరూ నవ్వారు.

ఆ పిల్ల ఇంటికి చేరకుండానే పోయింది. మళ్లీ నా చేతితో ఏ ముక్కూ చీరలేదు, చీరేవాళ్లను కూడా వాదించి మాన్పించాను. కానీ ఆ నవ్వు మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. గొర్రెలకు చిటుక రోగానికొక సూది, పారుడు రోగానికొక సూది, కడుపులో పురుగులకు మందు, ఊరూరా శిబిరాలు, వాటితోపాటే బావమరిది కూడా పెరిగి పెద్దవాడై, గొర్రెల పెంపకందారుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. నేను వాడికన్నా బాగా రాయగలను, బాగా మాట్లాడగలను. నాకు లేనివల్లా గొర్రెలే.

ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉంది, మా తప్పు అనడం కన్నా నా తప్పు అనడమే సరి. పని లేనప్పుడు గాడిదలను వీధుల్లోకి వదిలి మేపుకోవడం మా అలవాటు. మున్సిపాలిటీవాళ్లు వాటిని పట్టి బందెలదొడ్డిలో వేసేవారు, అందుకని పుస్తకం చేతబట్టుకుని ఎవరొచ్చినా మా కంటికి దొడ్డివాళ్లే. ఒకసారి పశువుల లెక్కకు మనిషి వస్తున్నాడని తెలిసి, పేటలో చదువు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, ఏం చేద్దామని అందరూ నన్ను అడిగారు. "కొండెనక్కి తోలండప్పా, ఒగటి గూడా అగపడగూడదు," అన్నాను. లెక్క రాసే ఆయన పేటంతా తిరిగి ఒకచోట ఆగి, కింద పడి ఉన్న లద్దెలు చూపించి ఇదేందని అడిగాడు.

"దావన పోయేటివి ఏసి పోయినాయి సార్, మాకేం తెలుసు," అంది పక్కింటి అవ్వ.

గాడిదలు లేవని రాసిన కాగితం మీద నేను ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం చేశాను, తెలివైన పని చేశాననుకున్నాను. ఆ తరువాత లెక్క వచ్చిన ప్రతిసారీ గాడిదలు కొండెనకకు పోవడం, నేను సంతకం పెట్టడం మా పేటకు ఆనవాయితీ అయిపోయింది. బావమరిది మాత్రం చూలు గొర్రె కడుపులోని పిల్లను కూడా "రేపోమాపో ఈనుతాది, రాసుకో సార్" అని రాయించుకునేవాడట.

కిందటేడు ఆ పశువుల ఆరోగ్య విధానాన్ని తిరగరాస్తున్నారని, పశువులున్నవాళ్ల మాట వినడానికి ఢిల్లీలో సమావేశం పెట్టారని తెలిసింది. మన దిక్కు నుంచి పిలుపు ఎవరికి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. వాడు ఎమ్మిగనూరుకు పోయి మగ్గం పంచె కొనుక్కుని, కొత్త చొక్కా కుట్టించుకుని, ఆదోని స్టేషనులో రైలెక్కాడు. నేను రెండు పేజీల నిండా అర్జీ రాసి, జాబితాలో గాడిదను చేర్చమనీ, ధనుర్వాతం సూది ముందు మా ఊరికి పంపమనీ అడిగి, ఆ కాగితం కిటికీలోంచి వాడి చేతికిచ్చాను. ఇస్తున్నప్పుడు కూడా ఆ సీట్లో నేను కూర్చుని ఉండవలసిందనే నా బాధ.

"ఆడ గొర్రెల మాట సెప్పేకే టైం సాలదంట బావా. సూస్తాలే," అన్నాడు.

మెడలో బిళ్లతో, మైకు ముందు దిగిన ఫొటోతో తిరిగొచ్చాడు. వాళ్లింటికి పోయినప్పుడు మొదట ఆ ఫొటోనే కనిపించింది. నా కాగితం ఏమైందని అన్నం ముందు అడిగితే, ఇచ్చినాను అన్నాడు. చదివారా అని అడిగితే, "తిను బావా, సల్లారిపోతాంది," అన్నాడు. రైలు కిటికీలోంచి పారేసి ఉంటాడని నిశ్చయించుకుని, వాళ్ల గడప తొక్కడం మానేశాను. "నీ కుళ్లు మోసేకి మనకుండే రెండు గాడిదలూ సాలవు," అని నా భార్య అనని రోజు లేదు.

ఇప్పుడు మిద్దెలు లేవు, చౌడు తవ్విన బీళ్లలో ఇళ్ల స్థలాల రాళ్లు పాతారు, సందుల్లోకి ఇటుకలూ ఇసుకా మోయడానికి పేటలో కొన్నే గాడిదలు మిగిలాయి. బందెలదొడ్డి ఉన్న చోట దుకాణాలు వెలిశాయి. పుస్తకం పట్టుకుని ఎవరైనా వస్తే నా గాడిదలకు మొహం కడిగి వాకిట్లో నిలబెట్టాలని ఉంటుంది గానీ, మా పేటను గాడిదలు లేని చోటుగా రాసుకున్నారేమో, మా గుమ్మం ముందు ఎవరూ ఆగరు.

నిన్న నా అర్జీకి జవాబు వచ్చింది. చదివాక నా కుళ్లు పోతుందనుకున్నాను. పోలేదు. అంత మంది ముందు ఆ మాటలు చదివిన గొంతు నాది కాదే అని ఇంకా పెరిగింది. రేపు మాత్రం పెద్దకడుబూరు బస్సెక్కుతాను. ఆ జవాబు ఇది:

"గొర్రెల పెంపకందారుల ప్రతినిధి, సమావేశములో తనకు కేటాయించిన సమయమందు గొర్రెల విషయము ప్రస్తావించక, తమరి అర్జీనే మొదటి నుండి చివర వరకు చదివి వినిపించిరి. అర్జీ న్యాయమైనదని సభ్యులు అభిప్రాయపడిరి. అయితే తమరి పేటలో గాడిదలు లేవని ఇంతవరకు జరిగిన పశుగణనలన్నింటిలోను తమరి సంతకముతోనే నమోదై యున్నందున, సూదులు పంపుటకు వీలుపడదని తెలియజేయడమైనది."