మిల్లమ్మకు తీసిన దిష్టి

కరీబియన్ సముద్రంలోని డొమినికన్ దేశం మిలాగ్రోస్‌ది. అక్కడి మెరెంగే పాట వింటే కాళ్ళు ఊరుకోవు, అలాంటి హుషారు దానిది. పెళ్ళిళ్ళలో పాడింది, యాత్రికుల ఓడల్లో పాడింది. వయసు నలభై దాటాక, పందొమ్మిది వందల తొంభై అయిదులో, బహ్రెయిన్ వచ్చి జల్లాఖ్ సముద్రపు ఒడ్డున ఒక హోటల్లో పాటకు కుదిరింది.

ఆ హోటల్లో గదులు ఊడ్చే సూర్యావతిది అమలాపురం పక్క పల్లె. మిలాగ్రోస్ అనడానికి నోరు తిరగక మిల్లమ్మ అనేది. ఇద్దరికీ వచ్చింది ముక్కల ఇంగ్లీషే. అయినా ఏం కబుర్లు, ఏం కబుర్లు! మిల్లమ్మ కూతురి ఫొటో చూపించి ఏడిస్తే, సూర్యావతి తన కొడుకుని తలుచుకుని ఏడ్చేది.

రెండో ఏడు మిల్లమ్మ గొంతుకు జీర పట్టుకుంది. కొత్త మేనేజరు ఊరుకుంటాడా? "శుక్రవారం వింటాను. బాగుంటే కాంట్రాక్టు, లేకపోతే ఖలాస్" అన్నాడు. ఈ వయసులో ఇంకో హోటలు దొరకదని మిల్లమ్మకు తెలుసు.

"దిష్టమ్మా! ఇంతమంది కళ్ళూ నీ మీదే కదా" అని సూర్యావతి తీర్మానించేసింది. శుక్రవారం పాటకు ముందు మిల్లమ్మ గదికి ఊదు వేసే చిన్న కుంపటి తెచ్చింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి మిల్లమ్మ చుట్టూ తిప్పి నిప్పుల్లో పడేసింది. ఊళ్ళో అయితే పెరట్లో పొయ్యి. ఇది కిటికీ తెరుచుకోని ఏసీ గది! దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఇక్కడ ఘాటు గుప్పుమంది. మిల్లమ్మ దగ్గి దగ్గి నేల మీద చతికిలబడింది.

ఆ సాయంత్రం రెండో పాటకే గొంతు పోయింది. పెదాలు ఆడుతున్నాయి, పాట లేదు. జనం చూస్తుండగానే మేనేజరు మైకు ఆపించాడు.

"గదిలో ఆ పొగేమిటి?" అని తర్వాత నిలదీశాడు. తలుపు దగ్గర నిలబడి సూర్యావతి వింటోంది. ఈ సంగతి తెలిస్తే కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, మర్నాడే ఇంటికి పంపేస్తాడు. నేనే చేశానండీ అనబోయి, పాపం, మిల్లమ్మ వైపు చూసింది.

"సిగరెట్లు కాల్చాను" అంది మిల్లమ్మ, ఉన్న ఆ కాస్త గొంతుతో. జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి!

మర్నాడు మిల్లమ్మ సామాను సర్దుతుంటే సూర్యావతి కాళ్ళ మీద పడింది. "నా చేతులు పడిపోనూ! నీ నోటికాడ కూడు తీసేశానమ్మా!"

తెలుగు ముక్క అర్థం కాకపోయినా, మిల్లమ్మ ఆమెను లేవనెత్తి, కళ్ళు తుడిచి, కూతురికి చెప్పినట్టు ఏదో చెప్పబోయింది. నిన్న మిగిలిన ఆ కాస్త గొంతూ పోయింది, మాట బయటికి రాలేదు.