మా కారుకు కొబ్బరికాయ ఎక్కడ కొట్టవలెను

ఏ మరమ్మతునైనా పెద్దల సమక్షంలో, కొబ్బరికాయ కొట్టి ప్రారంభించవలెనన్నది మా ఇంట చిరకాలంగా అమలులో ఉన్న పద్ధతి. ఈ రోజు హన్మకొండ షెడ్డులో ఆ పద్ధతి ఒక ప్రాణాన్ని తీయబోయింది.

మా నాన్నగారి పాత కారుకు ముందువైపు ఛాసీ తుప్పుపట్టింది. మెకానిక్ యాకూబ్ బంపర్ విప్పి, కారును జాకీల మీద లేపి, కుళ్లిన ఇనుమును కోసి, కొత్త ముక్కలు వెల్డింగు చేయడానికి కిందికి దూరాడు. అప్పుడే మా అమ్మ ఎడమచేత్తో కారు ముక్కును పట్టుకుని, దాని మీదే కొట్టడానికి కుడిచేత్తో కొబ్బరికాయ పైకెత్తింది. జాకీ కిర్రుమంది.

"అమ్మా, జర ఆగుండ్రి! జాకీ కదుల్తాంది! జారిందంటే బండంత నా ఛాతి మీదికొస్తది!"

"దేవునికి కొట్టకుండనే పని షురూ జేస్తవా, బిడ్డా?"

"ఇరవై ఏండ్ల సంది మీరు కొట్టిన కాయల నీళ్లే లోపటికి దిగి దీన్ని తిన్నయమ్మా!"

అమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. చివరకు ఆమె కాయ దించి, యాకూబ్ బయటికి వచ్చేదాకా దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం కుటుంబ సభ తీర్మానించినది ఏమనగా: ఇకపై మా కారు క్షేమార్థం కొబ్బరికాయను ఎదురింటివారి స్కూటర్ మీద కొట్టవలెను. అభ్యంతరాలున్నవారు ఈ కాగితం కిందనే రాయవచ్చును. ఎన్ని రాసినా ఈ నిబంధన అంతిమం.