మాటలు తీసేసిన మేళం

మొన్న బడా బజార్‌లో ఒక దుకాణం ముందు అప్పడం కాలుతున్న వాసన తగిలి, కూరల సంచీతో సహా ఆగిపోయాను. కాలే అప్పడానికీ, గడ్డి మంట మీద వెచ్చబడే డప్పు తోలుకీ వాసనలో దగ్గరి చుట్టరికం ఉంది. మా మేడ మీద ఆ రెండు పనులూ పక్కపక్కనే జరిగేవి కనక ఈ సంగతి నాకు తెలుసు. ఇంకెక్కడా పనికొచ్చే తెలివి కాదు.

మాది బరంపురంలో తరాలుగా పాతుకుపోయిన తెలుగు వర్తకుల ఇల్లు. కింద దుకాణం, వెనక గోదాం, పైన మేము, ఆ పైన అప్పడాలు. చైత్రం వచ్చేసరికి మామ్మ పాత చీరలు పరిచి అప్పడాలు, వడియాలు, ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు ఎండబెట్టేది. కాకుల్ని తోలే ఉద్యోగం పిల్లలది, మేం ఎండినవి అక్కడే కాల్చుకుని కాకులకన్నా ఎక్కువే తినేవాళ్లం. మధ్యాహ్నాలు మెట్ల మీద అచ్చనగాళ్లు, సాయంత్రాలు వీధి మొగలో బెల్లం, అరటిపండు, పాలు విరిచిన ఛెనా కలిపి పోసే చల్లని పొణా పానకం, గోదాంలోంచి వచ్చే మిర్చి ఘాటుకి తుమ్ముతూ నడిచే బాటసారులు. మా వీధిలో ఎవరైనా తుమ్మకుండా వెళ్లారంటే ఊరికి పాతకాపు అని అర్థం.

మా పెదనాన్న పసుపు, మిర్చి టోకున అమ్మేవాడు. అది జీవనం. అసలు పని జముకు. గుమ్మటంలాంటి డొల్లకి ఒకవైపు తోలు మూసి, దాని నడిమిలోంచి తీసిన తీగని బిగలాగి మీటితే, కడుపులో ఎవరో మూలిగినట్టు పలికే వాద్యం. ఊళ్లు తిరిగే కథకుల దగ్గర నేర్చుకున్నాడు. మామ్మ దృష్టిలో అది ఇంటికి పట్టిన జబ్బు.

"సావుకారి కొడుకువి, తరాజు అట్టుకోవాల గానీ ఆ డొల్లేటిరా?"

"తరాజు పలకదు కదమ్మా!"

ఆయనకి తోడు ఇద్దరు. సముద్రపు ఒడ్డు నుంచి చేపల బుట్టల మధ్య బస్సెక్కి వచ్చే ఎర్రయ్యది డప్పు. కొడల అనే ఊరి నుంచి వచ్చే దామది మహురి. సన్నాయికి ఒడియా చుట్టం, గొంతు మాత్రం నాలుగిళ్లు ఎక్కువ వినబడుతుంది. మొదట్లో గోదాంలోనే సాధన చేశారు. మిర్చి బస్తాల మధ్య మహురి ఊదాలంటే ఊపిరి లోపలికి తీసుకోవాలి, ఆ సంగతి ముందు ఎవరికీ తట్టలేదు. రెండో రోజుకి మేళం మేడ ఎక్కింది.

మేళంలో పాట లేదు. ఉండేది, ఒక ఆదివారం పాటు. పెదనాన్న తెలుగులో ఎత్తుకున్నాడు, దామ ఒడియాలో అందుకున్నాడు, ఎర్రయ్యకి వచ్చిన పాటలు మామ్మ వినదగ్గవి కావు. సాయంత్రానికి ముగ్గురూ మూడు మూలల్లో కూర్చున్నారు. చివరికి మాటలన్నీ తీసేసి వరసలు మాత్రం ఉంచుకున్నారు. ఆ తరవాత వాళ్లు పోట్లాడుకోగా నేను చూడలేదు.

వాళ్ల గొప్ప వాయింపు అలివి వలది. ఒడ్డున రెండు వరసల జనం వల లాగుతూ వేసే కేకల్ని ఎర్రయ్య డప్పులోకి దించాడు. చిక్కల్లా ఒకటే, దానికి ముగింపు లేదు. వల ఒడ్డుకొచ్చేదాకా లాగడమే అతనికి తెలుసు. మేడ మీద వల రాదు. అందుకని ఆ బాధ్యత తొమ్మిదేళ్ల నాకు అప్పగించారు.

"గుంటా, నువ్వు 'వల ఒచ్చీసింది' అన్నావనుకో, ఆగిపోతాం. నువ్వు అనకపోతే ఆ దేవుడు దిగినా ఆగం" అన్నాడు ఎర్రయ్య. నా జీవితంలో ఇంత అధికారం మళ్లీ దక్కలేదు.

ఊరి అమ్మవారి పండగ, ఠాకురాణి యాత్ర రోజుల్లో ఒక సాయంత్రం మా వీధిలో వాయించేది మా మేళమే. నాకు ఆ అధికారం వచ్చిన ఏడు వీధి కమిటీ కార్యదర్శి వారం ముందే వచ్చి, మైకు పెట్టి, పాడేవాణ్ణి తెచ్చుకుంటేనే ఇకమీదట మేళం ఉంటుందనీ, లేకపోతే ఇదే ఆఖరనీ చెప్పాడు. ఆర్కెస్ట్రాకి మాటిచ్చేశాడట.

"ఇనబడనోడు దగ్గరికొస్తాడు. మైకెందుకు బావూ?" అన్నాడు పెదనాన్న.

"ఆగ్యా, పాటెందుకు?" అన్నాడు దామ ఒడియా మర్యాదతో.

ఎర్రయ్య డప్పు వెచ్చబెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మాకు పది నిమిషాలిచ్చారు. ఆర్కెస్ట్రా వాళ్ల మనిషెత్తు స్పీకర్ డబ్బాల పక్కన ముగ్గురు మనుషులు, ఒక డొల్ల, ఒక గొట్టం, ఒక తోలు. అలివి వల మొదలైంది. యాత్ర చూడ్డానికి తీరం నుంచి వచ్చిన ఆడవాళ్లు బుట్టలు దించి ముందుకు జరిగారు. పది నిమిషాలయ్యాయి. కార్యదర్శికి నా ఉద్యోగం సంగతి తెలుసు. నా పక్కకొచ్చి వంగాడు.

"అమ్మడూ, సెప్పీయమ్మా, వల ఒచ్చీసిందని."

ఆ మాట అన్నానంటే అయిపోతుంది. ఆ రోజుకి కాదు, పూర్తిగా. పెదనాన్న కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎర్రయ్య నా వైపు చూడలేదు.

"ఇంకా రాలేదు" అన్నాను.

"ఏటి రాలేదు?"

"వల. బరువుగా ఉంది."

వెనక ఒక మత్స్యకారుల ముసలమ్మ పకపకా నవ్వి, "గుంట నిజవే సెప్పింది బాబూ, తొందరెడితే తెగిపోద్ది!" అంది. ఆ తరవాత ఆడవాళ్లు కేక అందుకున్నారు, మగవాళ్లు కలిశారు, వీధి రెండు వరసలైంది. అందులో మాటలేమీ లేవు, కేకలే. నిజం వల రావడానికి గంట పైన పడుతుందని ఎర్రయ్య ఎప్పుడో చెప్పాడు. నేను నిజం వల లెక్కే పాటించాను. ఆర్కెస్ట్రా గాయకుడు వేరుశనక్కాయలు తింటూ మొత్తం విన్నాడు. దామ కళ్లు బతిమాలడం మొదలెట్టాక గానీ నేను నోరు తెరవలేదు.

"అంతసేపయ్యేసరికి గుంట గొంతు పోయిందేమో అనుకున్నాను" అంది మామ్మ. ఆవిడ మెచ్చుకోలు అంతే ఉండేది.

మరుసటి యాత్రకి మమ్మల్ని పిలవలేదు. గెలిచామని నేనెప్పుడూ చెప్పలేదు.

పెదనాన్న ఇప్పుడు లేడు. ఎర్రయ్య పడవ పనికి వేరే రాష్ట్రం వెళ్లి, అక్కడే ఉండిపోయాడు. గోదాం ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం, దాని ముందు ఎవరూ తుమ్మరు. దామకి పళ్లు పోయి మహురి పట్టు దొరకదు, కానీ మనవరాలికి నోటితో పాడి నేర్పాడు. ఆ పిల్ల, డప్పు పట్టిన, నాతో కాలేజీలో పనిచేసే లెక్కల మేడం, పెదనాన్న జముకుతో నేను, ఊరి శివారు అంకులిలో మా అపార్టుమెంటు మేడ మీద వాయిస్తున్నాం. మైకు లేదు, పాట లేదు.

పోయిన వారం నివాసుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, మా చప్పుడు ఇబ్బందిగా ఉందని. పూజలకి గోడలు అదిరే డబ్బాలు తెప్పించేది కూడా ఆ సంఘమే. మర్యాదగా జవాబు రాసి నోటీసు బోర్డుకి అంటించాను: ఆదివారం నాలుగింటికి మొదలుపెడతాం, కిటికీలు మూసుకోదలిచినవారు మూడున్నరకే మూసుకోవచ్చు.