గోడకు మెతుకులు

ఎంకపల్లి పంచాయతీ గోడకు పెట్టుబడి సాయం అందిన రైతుల జాబితా అంటించడం ఒకప్పుడు నా ఉద్యోగం. కౌలు భూమిలో టమాటా పండించే ఒక అవ్వ ఏటా వచ్చి, ఆ పేర్లన్నీ నాతో చదివించుకునేది. ఆమె చేసే భూమికి సాయం పట్నంలో ఉండే ఫామ్‌హౌస్ యజమాని పేరునే వచ్చేది. అయినా కాగితం అంచు లేస్తే, తన సద్దిలోంచి నాలుగు మెతుకులు తీసి నలిపి అంటించేది.

"ఎవలికి అందుతున్నదో నలుగురు సూడాలె సారూ," అనేది. నాకు సిగ్గేసేది.

చివరి ఏడాది జాబితా అంటించొద్దన్నారు.

"ఇప్పుడు పేర్లన్నీ ఫోన్లనే ఉన్నయవ్వా," అన్నాను.

ఖాళీ గోడను అరచేత్తో తడిమింది.

"మరి నా పేరు లేదని నేనెట్ల సూసుకోవాలె సారూ?"