ఆళ్లగడ్డ తేనె

మా మామ పోయాడన్న కబురు నాకు డోనులో అందింది. అప్పుడు నా చేతిలో తాంబూలం ఉంది. ఒక ఇంటివాళ్లు తమ కొడుకు పెళ్లికి మేళం మాట్లాడుకొని ఆకులూ వక్కలూ అప్పుడే నా చేతిలో పెట్టారు. గడప దిగుతూ ఉంటే వీధి మలుపులో మా మేళంలో డోలు వాయించే అన్న కనబడ్డాడు. నంద్యాల నుంచి రైల్లో వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. ఆ నడక చూసే నాకు అర్థమైంది.

"మామ పొద్దున్నే పాయరా," అన్నాడు. "కాపీ అడిగినాడు. తెచ్చేలోపలే పాయ."

ఆ తాంబూలం తిరిగి ఇవ్వాలో, పట్టుకొని రైలెక్కాలో నాకు తోచలేదు. మామ ఉంటే తడుముకోకుండా చెప్పేవాడు. ఇరవై ఏళ్లుగా మా మేళానికి ఆకు పట్టే పని ఆయనదే. చివరి ఆరు నెలలు కాళ్లు వాచి మంచాన పడ్డాడు గనుక నేను తిరుగుతున్నాను, అంతే. ఆ ఇంటి పెద్దే నా అవస్థ చూసి, "పోయి రాప్పా, ఆకు నీ తావనే ఉండనీ," అన్నాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. పెళ్లాం చిన్నతనంలోనే పోతే మళ్లీ చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండిపోయాడు. మా సన్నాయి మేళంలో నాది సన్నాయి, ఆయనది ఒత్తు. ఒత్తు అంటే తెలియనివాళ్లు ఈ రోజుల్లో చాలామందే ఉంటారు. చూడ్డానికి సన్నాయి లాగే ఉంటుంది గానీ దాని మీద పాట పలకదు. ఒకటే స్వరం. నేను ఏ రాగం అందుకున్నా వెనక నిలబడి ఆ ఒక్క స్వరాన్నే, బుగ్గల్లో గాలి నిలుపుకొని, ముక్కుతో కొత్త గాలి పీల్చుకుంటూ, తెగకుండా పట్టి ఉండాలి. బాగా పడితే ఎవరికీ వినబడదు. తెగితే మాత్రం అందరూ తల తిప్పి చూస్తారు. జనం నన్ను భేష్ అనేవాళ్లు, నాకు శాలువా కప్పేవాళ్లు. మామకు కూర్చోవడానికి చాప చూపించేవాళ్లు.

మేము ఏ గుడికీ ఆస్థానం వాళ్లం కాము. రేడియోలో వాయించిన పేరు లేదు. మద్రాసులో ఫలానా ఆయన శిష్యులమని చెప్పుకోవడానికి కూడా లేదు. అలాంటివాళ్లకు పిలుపు రావాలంటే ఎవరో ఒకరు పోయి గడప ముందు నిలబడాలి. ఆ నిలబడేది మామ. చంకలో పంచాంగం పెట్టుకొని, ఏ ఊర్లో ఏ పిల్లకు సంబంధం కుదిరిందో బస్సుల్లో విని, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా దారి పొడుగునా దిగి ఎక్కేవాడు. ఆకు పట్టాడంటే ఇక ఆ రోజు ఆ ఇంటిదే. కాగితం లేదు, సంతకం లేదు.

పెళ్లికి రెండు రోజుల ముందు మళ్లీ పోయేవాడు, చోటు చూడ్డానికి. "పొయ్యిలు యా పక్క తవ్వుతాండారు?" ఇదీ ఆయన మొదటి ప్రశ్న. పొగ మా మీదికి కొడితే గుక్క నిలవదు. ఎండ ఎక్కడ పడుతుందో చూసేవాడు, ఎండకు సన్నాయి కొసన నోట పెట్టుకునే పీక ఎండిపోయి గీమంటుంది గనుక. అవన్నీ అయ్యాక పెళ్లికూతురి అవ్వ ఎక్కడుందో వెతుక్కొని పోయి పక్కన చతికిలబడేవాడు.

"అవ్వా, నీ పెండ్లిలో ఏం వాయించినారు?"

ఆ ముసలామె సిగ్గుపడి, నవ్వి, రెండు ముక్కలు కూనిరాగం తీసేది. మామ దాన్ని ఇంటిదాకా నోట్లోనే మోసుకొచ్చి నాకు వినిపించేవాడు. పెళ్లిరోజు అవ్వ పందిట్లోకి రాగానే నేను అదే అందుకునేవాణ్ని. ఆమె కళ్లు తుడుచుకుంటుంటే జనం అదంతా నా విద్య అనుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గులేనివాణ్ని. "మంది మనల్ని పిల్చింది పెండ్లికిరా అల్లుడా, నీ కచేరీకి కాదు," అనేవాడు మామ. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఒక యేడు మాఘంలో మంచి ముహూర్తాలు బాగా తగ్గిపోయి, పెళ్లిళ్లన్నీ ఒకటి రెండు రోజుల మీదే పడ్డాయి. మామ నెల ముందే ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లెలో ఆకు పట్టి వచ్చాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, ఆయన ఊళ్లో లేనప్పుడు, నంద్యాలలో ఒక పత్తి వ్యాపారి మనిషి ఇంటికొస్తే అదే రోజుకు ఆకు పట్టాను. ఆ పెళ్లికి మద్రాసు నుంచి పెద్ద విద్వాంసుడు వస్తున్నాడన్నారు. ఆయన చెవిన నా సన్నాయి ఒక్కసారి పడితే చాలు, నా బతుకు మారిపోతుందనుకున్నాను.

మామ వచ్చాక చెప్పాను. ఆయన పంచాంగం తెరవను కూడా లేదు.

"రెండు ఆకులు పడితిమి గదరా."

"ఇంకో మేళాన్ని చూడు మామా. అవుకులో లేరా, ఆత్మకూర్లో లేరా?"

"ముహూర్తాలే లేని నెల్లో మేళాలు యాడ దొరుకుతాయిరా? ఆ బిడ్డ నాయన నా మొగం చూసి ఇచ్చినాడు."

"ఆ పల్లెలో వాయిస్తే ఎవడు వింటాడు మామా?" అన్నాను.

ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. కానీ అన్నాను, కాబట్టి రాస్తున్నాను. మామ పంచాంగం తీసి చంకలో పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేది. "సర్లే, నువ్వు పో. నేను చూసుకుంటా," అన్నాడు. పెళ్లి ముందురోజు ఒత్తును గుడ్డలో చుట్టుకొని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. నేను ఎవరినో బతిమాలి శ్రుతి పెట్టె తెచ్చుకొని, డోలు అన్నతో కలిసి పత్తి వ్యాపారి పందిట్లో వాయించాను. తిత్తి ఒత్తుతూ ఉంటే చాలు, పెట్టె గుక్క తిప్పుకోకుండా పలుకుతూనే ఉంది. విద్వాంసుడు రైలు దిగింది సాయంత్రం. నేను వాయించింది పొద్దున.

మరుసటి రోజు మామ తిరిగొచ్చాడు.

"ఏం చేసినావు మామా? మేళం దొరికిందా?"

"మేళం ల్యాకుండా పెండ్లి జరుగుతాదా యాడన్నా?" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. అంతకంటే ఎక్కువ అడగలేదు. అడగడానికి భయమేసిందన్నది నిజం.

ఆ యేడాది నుంచే ఇంట్లోకి తేనె రావడం మొదలైంది. నల్లమల తేనె, నల్లగా, చిక్కగా, ఒక సీసాడు. మామ ఏటా ఒకసారి ఆళ్లగడ్డ వైపు పోయి తెచ్చేవాడు. ప్రతి పెళ్లిరోజూ వాయించే ముందు నా అరచేతిలో ఒక చెంచాడు పోసేవాడు. "నాకెయ్‌రా. రొమ్ముకు మంచిదంట." ఎవరిచ్చారంటే, "ఇచ్చినారులే ఒగాయప్ప," అనేవాడు. ఆ పల్లెకు మాత్రం మమ్మల్ని ఎప్పుడూ తీసుకుపోలేదు. ఒకసారి ఆళ్లగడ్డలో బస్సు కోసం నిలబడి ఉంటే, ముక్కూ మొహం తెలియని మనిషొకడు నా దగ్గరికొచ్చి, "ఇప్పుడు రొమ్ము ఎట్లుందప్పా?" అన్నాడు. "నాకేంది, దుక్కలా ఉండా," అని నవ్వాను. మామ నా రెక్క పట్టుకొని టీ తాగుదాం రమ్మని ఈడ్చుకుపోయాడు. ఆ రోజు ఆయన టీ తాగలేదు.

మామను మట్టి చేసిన మూడో రోజు, ఒక పెద్దమనిషి మా ఇల్లు ఎక్కడో అడుగుతూ వచ్చాడు. చేతిలో తేనె సీసా. కబురు తెలిసి పొద్దున బస్సుకు బయల్దేరి వచ్చానన్నాడు. మామ ఆకు పట్టిన ఆ పల్లెవాడు, ఆ పెళ్లికూతురి తండ్రి. అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత సీసా నా పక్కన పెట్టి అడిగాడు.

"రొమ్ము ఎట్లుందప్పా ఇప్పుడు?"

ఆళ్లగడ్డ బస్సు దగ్గరి మనిషి గుర్తొచ్చాడు. "అన్నా, ఆ పొద్దు మీ ఇంట్లో యా మేళం వాయించింది?" అన్నాను.

"యా మేళమూ ల్యాదు. తెల్లారేసరికి మీ మామ ఒక్కడే వచ్చి నిలబడినాడు, ఆ కట్టె ఒక్కటి పట్టుకొని. 'సన్నాయోనికి జరం. రొమ్ము పట్టేసి నోట్లోంచి మాట కూడా రావడంల్యా. వాని శ్రుతి నేను తెచ్చినా' అన్యాడు. మా ఆడోళ్లు తిట్టినారు. నేనూ తిట్టినా. అన్నీ విన్యాడు. విని, పొయ్యిలకు దూరంగా పోయి నిలబడి, పట్టుకున్యాడు. తాళి కట్టేదాకా ఆపల్యాదప్పా. మా ఊరి తప్పెటోళ్లు ఆ శ్రుతి మీదనే కొట్టినారు. మా అమ్మ లేసి, దాన్ని పట్టుకొని తన పెండ్లి పాట తనే పాడింది. ఆయప్ప కండ్లు ఎర్రగా అయిపోయినాయి, దవడలు వాచిపోయినాయి. అన్నం పెడితే నమల్లేకపాయ."

నేను తల దించుకున్నాను. ఇక దాచలేకపోయాను. "అన్నా, నాకు ఆ పొద్దు జరం ల్యాదు."

"తెల్సులేప్పా."

తలెత్తి చూశాను.

"నువ్వు వాయించిన పెండ్లికి మా ఊరి పత్తి రైతు ఒకడు వచ్చినాడు. రెండో రోజే చెప్పినాడు. బస్సు కాడ నిన్ను అడిగింది కూడా వాడే, ఏమంటావో చూద్దామని. నేను వాన్ని తిట్టినా." ఆయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. "మీ మామ ఏటా వచ్చి, నిలబడి, 'మావోనికి ఇంకా రొమ్ము సరిగ్గా ల్యాదు' అంటాండె. ఎట్లుందప్పా అని మేం అడక్కపోతే ఆ పెద్దాయప్ప మొగం యాడ పెట్టుకుంటాడు? అందుకని అడుగుతాంటిమి. తేనె ఇస్తాంటిమి. మాకు తెల్సని ఆయప్పకు తెల్సునో ల్యాదో, అదైతే నాకు తెలీదు."

ఐదేళ్లు ఆ తేనె నాకాను. ప్రతి పెళ్లికీ నా అరచేతిలో పోసినప్పుడు మామ ఏమనుకునేవాడో ఇప్పుడు ఎవరిని అడగాలి? ఆయన బతికుండగా ఒక్కసారి, "మామా, తప్పు చేసినా," అని ఉంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చిన రోజులు ఉన్నాయి. రేపు చెబుదాంలే అనుకున్నాను. నాలాంటివాళ్లు అలాగే అనుకుంటారు.

పెద్దమనిషి లేచాడు. "మైల తీరినంక వచ్చి ఆకు ఇస్తా. మాఘంలో మా చిన్నబిడ్డ పెండ్లి. ఈ తూరి జరం తెచ్చుకోవాకు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"వస్తానన్నా. సన్నాయికి ఆత్మకూరు నుంచి మంచాయన్ని పిల్చుకొస్తా. నేను ఒత్తు పడతా."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "పట్టగలవా?" అన్నాడు.

చెప్పిన మాట ప్రకారం మైల తీరాక వచ్చి ఆకు ఇచ్చాడు. రెండు చేతులా పట్టాను. అప్పటి నుంచి రోజూ పొద్దున కుందూ ఏటి ఒడ్డున నిలబడుతున్నాను. డోలు అన్న రాతి మీద కూర్చొని తొడ మీద తాళం వేస్తాడు. ఒక కీర్తన సగానికి వచ్చేసరికే నా గుక్క తెగిపోతోంది. "ఇరవై ఏండ్లు సన్నాయి వాయించినోనివి, ఒక్క సొరం నిలపలేకపోతాండావే!" అంటాడు అన్న. మొదట్లో ఎగతాళిగా అనేవాడు. ఇప్పుడు మెల్లగా అంటున్నాడు.

ఒత్తు పీకకు మామ చుట్టిన దారం అలాగే ఉంది, నేను మార్చలేదు. తేనె సీసా పక్కన రాతి మీద పెట్టుకుంటున్నాను గానీ మూత తియ్యడం లేదు. ఇప్పుడు నిజంగానే రొమ్ము నొప్పి పెడుతోంది. గుక్క తెగిన ప్రతిసారీ ఏటి అవతల బట్టలుతికేవాళ్లు తల తిప్పి నా వైపు చూస్తున్నారు. వాళ్లు మళ్లీ పనిలో పడేదాకా ఆగి, పీక తడుపుకొని మొదలుపెడుతున్నాను.